కూర్మనాథం చేసిన వేలి తొడుగులు

కూర్మనాథానికి ఎవరి వేలైనా కనిపిస్తే చాలు, దానికి ఏదో ఒకటి తొడగాలనిపిస్తుంది. అది రోగమో విద్యో ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చినా అతనికి తేలలేదు.

కాశీబుగ్గలో రైలు పట్టాలకి ఈ పక్క అతని సైకిల్ షాపు. షాపంటే నాలుగు రేకులు, ఒక బల్ల, నీళ్ళ తొట్టి. పైన తీగకి అతని విద్యంతా వేలాడుతూ ఉంటుంది. వాల్వు మూతలకి కళ్ళూ మీసాలూ గీసి చేసిన వేలి బొమ్మలు. పాత బేరింగుతో చేసిన బొంగరం, వేలి కొస మీద పెట్టి వదిలితే టీ తాగడం అయ్యేదాకా తిరుగుతుంది. స్పోకు వంచి చేసిన ఉంగరం, దాని కొనకి చిన్న కొక్కెం. టైరులో దిగిన ముల్లుని ఆ కొక్కెంతో లాగితే ఒక్క దెబ్బకి వస్తుంది. అది పెట్టుకుని చూపిస్తే అందరూ "బాగుందిరా" అంటారు. అని, పంచరు వేయించుకుని వెళ్ళిపోతారు. ఓసారి టెక్కలి కాలేజీ కుర్రాడొకడు వచ్చి గంటసేపు వీడియో తీసుకున్నాడు. ఫోన్లలో వేలమంది చూశారట. ఆ వేలమందిలో ఒక్కడు కూడా షాపు ముందు సైకిల్ ఆపలేదు.

ఈ పిచ్చి చిన్నప్పుడు మొదలైంది. వాళ్ళది ఉద్దానంలో వజ్రపుకొత్తూరు వైపు ఊరు. కొబ్బరాకు ఈనె తీసేసి, రెండు పాయలుగా అల్లితే పాము తయారవుతుంది. దాని నోట్లో వేలు పెట్టి లాగితే పాము బిగుసుకుంటుంది, ఎంత లాగితే అంత. ఎనిమిదేళ్ళ కూర్మనాథం అల్లిన పాము బడిలో మేస్టారి చూపుడు వేలు పట్టుకుంది. మేస్టారు లాగారు. ఇంకా లాగారు. పిల్లలు నవ్వారు. చివరికి బ్లేడుతో కోసి విడిపించాక మేస్టారు అదే ఆకు ఈనెతో కూర్మనాథం వేళ్ళ మీద కొట్టారు. ఆ సాయంత్రం వాచిన వేళ్ళకి పసుపు కట్టింది అతని అప్ప, నూకరత్నం. తల్లి పోయాక, తనకంటే పన్నెండేళ్ళు చిన్నవాడైన తమ్ముణ్ణి పెంచిన అక్క ఆవిడే.

"ఒరే కూర్మా, మేస్టారి ఏలే దొరికిందేట్రా నీకు?" అంది. అని తానూ నవ్వింది. ఆ నవ్వు లేకపోతే అతను ఆ విద్య అప్పుడే మానేసేవాడేమో. మానేస్తే బాగుండేదని ఈమధ్య చాలాసార్లు అనుకున్నాడు.

నూకరత్నం ముప్ఫై ఏళ్ళుగా పలాసలో జీడి పిక్కలు కొడుతోంది. కటింగు మిషను ముందు కూర్చుని, కాలితో తొక్కి పిక్కని చీల్చి, సూదితో లోపలి పప్పుని గుండుగా, విరగకుండా బయటికి తీయాలి. పెంకులోంచి నల్లటి నూనె కారుతుంది. అది చర్మాన్ని తింటుంది. అందుకని ఆడవాళ్ళు చేతులకి ఆముదం రాసి, బూడిద అద్దుకుని కూర్చుంటారు. అయినా తింటుంది. ముప్ఫై ఏళ్ళకి నూకరత్నం వేలి కొసలు నదిలో గులకరాళ్ళలా నున్నబడిపోయాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. రేషన్ కార్డులో ఉన్నది ఆవిడ ఒక్కతే.

ఈ వేసవిలో అందరూ వేలిముద్ర వేసి తాము బతికే ఉన్నామని చెప్పాలన్నారు. నూకరత్నం వెళ్ళింది. రేషన్ డిపోలో చిన్న మిషను, దాని మీద అద్దం ముక్క. వేలు పెట్టింది. ఎర్ర లైటు. తుడిచి పెట్టింది. ఎర్ర లైటు. పదివేళ్ళూ పెట్టింది.

"పెద్దమ్మా, నీ ఏలికి ముద్రే లేదు. అద్దం మీద అద్దం పెట్టినట్టుంది" అన్నాడు డీలరు.

"ముద్ర లేకపోడమేటి బాబూ? ఇదిగో ఏలు!"

వెనకాల లైన్లో ఎవరో అన్నారు: "నూకరత్నం దొంగతనం సేసినా దొరకదర్రా!"

అందరూ నవ్వారు. నూకరత్నం కూడా నవ్వింది. షాపుకొచ్చి తమ్ముడికి చెప్తున్నప్పుడు మాత్రం నవ్వలేదు. వచ్చే నెలాఖరున టెక్కలిలో పెద్ద క్యాంపు పెడతారట, అక్కడ మంచి మిషన్లు ఉంటాయట, అదే ఆఖరట. అక్కడా పడకపోతే పేరు తీసేస్తారు. ఒంటి పేరు కాబట్టి దాంతోపాటు కార్డూ పోతుంది, బియ్యం పోతాయి, ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రిలో చూపించడానికి కాగితం ఉండదు. ఒక నెల జీడి ముట్టుకోకపోతే చర్మం మళ్ళీ పెరుగుతుందని, గీతలు వస్తాయని ఆఫీసులో ఒకాయన చెప్పాడట.

"నెల్లాళ్ళు పని మానీమంటే ఎలాగరా? నా మిషను దగ్గిర ఇంకోల్ని కూకోబెట్టీరా?" అంది.

ఎంత సులువుగా చెప్తారు వీళ్ళు, అనుకున్నాడు కూర్మనాథం. నెల రోజులు వేళ్ళని పక్కన పెట్టమని. వేళ్ళు తప్ప ఇంకేమీ లేనివాళ్ళకి.

"అప్పా, నువ్వు పని మానక్కర్లేదు. నేను తొడుగులు సేత్తాను" అన్నాడు.

అతని ముప్ఫై ఏళ్ళ పిచ్చికి మొదటిసారి ఒక పని దొరికింది.

పాత ట్యూబు కత్తిరించి, సొల్యూషన్‌తో అతికించి మూడు తొడుగులు చేశాడు. మర్నాడు మధ్యాహ్నానికే నూకరత్నం వాటిని కొంగులో మూట కట్టి తెచ్చింది. లోపల చెమట పట్టి జారిపోతున్నాయట. మేస్త్రీ నాగరాజు అందరి ముందూ అన్నాడట: "ఏటి రత్నం, ఏళ్ళకి టోపీలెట్టుకొచ్చావు? పెళ్ళేటి ఏళ్ళకి?" అక్కడితో ఊరుకోలేదు. గుండులు ముక్కలైపోతున్నాయనీ, రేపు కూడా అలాగే వస్తే మిషను దిగిపోవాలనీ అన్నాడు.

రెండోసారి రబ్బరు చేతితొడుగు వేళ్ళు కోసి ఇచ్చాడు. జీడి నూనె వాటిని రెండు గంటల్లో జిగురు చేసేసింది. మూడోసారి కొబ్బరి చిప్పని అరగదీసి గోరులా చేశాడు. దానికి ఆవిడ తిట్టిన తిట్టు రాయడానికి వీల్లేదు.

"ఒదిన ఏళ్ళతో నీకెందుకు మావా? ఆ ఆఫీసోలు ఎలాగో ఒకలాగ రాసుకుంటారులే" అంది అతని భార్య ధనమ్మ. "నా ఏళ్ళకి ఎప్పుడైనా ఏటైనా సేసినావేటి? అంట్లు తోమి తోమి నావీ అరిగిపోనాయి."

"నీ ముద్ర పడింది కదే."

"పడిందిలే. అదే నా తప్పు."

నాలుగో రోజు అతను షాపు మూసేసి అప్ప పని చేసే చోటికి వెళ్ళాడు. నాగరాజుకి ఓ టీ ఇప్పించి, గుమ్మం దగ్గర నిలబడి గంటసేపు ఆవిడ వేళ్ళనే చూశాడు. ఆవిడ తిండి తిని పెరిగి కూడా ఆ వేళ్ళు ఏం చేస్తాయో ఈ ముప్ఫై ఏళ్ళలో అతను ఎప్పుడూ చూడలేదు. ఎడమచేతి మధ్యవేలు పిక్కని పట్టుకుంటుంది. కుడి బొటనవేలు సూదిని నెడుతుంది. చూపుడు వేలు మాత్రం ఏ బలమూ పెట్టదు. అది పప్పుని తడుముతుంది, ఎక్కడ అంటుకుందో, ఎక్కడ వదిలిందో చూస్తుంది. పక్కావిడతో కబుర్లు చెబుతూ కళ్ళు అటు తిరిగినా చూపు ఆ వేలి కొసలో ఉంది. మూడు వేళ్ళకీ ఒకే తొడుగు తొడగడమే తన తప్పని అతనికి అప్పుడు అర్థమైంది.

తిరిగొచ్చి, చిన్నపిల్లల సైకిల్ ట్యూబు తీసుకుని, పంచరు వేసేటప్పుడు గీకే రేకుతో లోపలివైపు గీకడం మొదలుపెట్టాడు. వెలుతురుకి పెడితే అవతల బల్బు మసగ్గా కనిపించేదాకా గీకాడు. అది చూపుడు వేలికి. మధ్యవేలికి దళసరిది, లోపల పాత బనీను గుడ్డ. బొటనవేలి తొడుగు కొసకి స్పోకు ముక్కని సాగగొట్టి గోరులా అమర్చాడు. ఇక సూది పట్టుకోనక్కర్లేదు, బొటనవేలే సూది. మిగిలిన వేళ్ళకి మామూలు తొడుగులు.

మొదటిరోజు ఆవిడ పని సగమే సాగింది. మూడోరోజుకి మునుపటంత. వారం తిరిగేసరికి పక్క మిషను వాళ్ళు ఆవిడ చేతివంకే చూస్తున్నారు. "కూర్మా, అప్పలనరసమ్మ తనకీ సెయ్యమంతంది. ఇంకో ఇద్దరు కూడా అడిగారు" అని చెప్పింది నూకరత్నం. నాగరాజు టోపీల మాట ఎత్తడం మానేశాడు. తన పని మనుషులకి కావాల్సిరావడం ఎలా ఉంటుందో కూర్మనాథానికి అలవాటు లేదు. ఆ రాత్రి అన్నం రెండుసార్లు కలుపుకున్నాడు.

రోజూ సాయంత్రం పని నుంచి వస్తూ నూకరత్నం షాపు దగ్గర ఆగేది. దీపం మసి కొంచెం వేలికి రాసి, చించిన కేలండరు కాగితం వెనకవైపు నొక్కించేవాడు. కింద తేదీ వేసేవాడు. మొదటిది ఒట్టి నల్లమచ్చ. తొమ్మిదో రోజుకి మచ్చ అంచున రెండు మూడు వెంట్రుకల్లాంటి గీతలు. పదిహేడో రోజుకి గీతలు వంగాయి. ఇరవై ఏడో రోజున బొటనవేలి నడిమధ్య నుంచి సుళ్ళు సుళ్ళుగా, నీళ్ళలో రాయి వేసినట్టు, పూర్తి ముద్ర పడింది. కూర్మనాథం ఆ కాగితం పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి ఎండకి పెట్టి చూశాడు.

"ఏటిరా, నా జాతకం అలాగ సూత్తన్నావు?"

"అప్పా, ఇదిగో నువ్వు! రేపు మిషను కళ్ళు మూసుకుని పట్టుకుంటాది."

"పట్టుకుంటాదా?" అంది ఆవిడ. వేళ్ళు తిప్పి చూసుకుంది. గీతలు ఆవిడకి కనపడలేదు. ఆవిడకి కనపడింది వేరు. తొడుగుల అంచుల్లోంచి దిగిన నూనె గోళ్ళ చుట్టూ, కణుపుల మీద నల్లగా చారలు కట్టి ఉంది.

మర్నాడు పొద్దున్నే టెక్కలి బస్సెక్కారు. నూకరత్నం ఉతికిన చీర కట్టుకుంది, తలకి నూనె రాసుకుంది, రెండు చేతులూ కొంగులో దోపుకుని కూర్చుంది. కాగితాలన్నీ కూర్మనాథం చొక్కా జేబులో ఉన్నాయి. అవి ఎందుకు తెచ్చాడో అతనికీ తెలీదు.

ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు, అందులో సగం మంది నూకరత్నం లాంటి వాళ్ళే. కొబ్బరి పీచు దంచేవాళ్ళు, ఇటుక బట్టీల వాళ్ళు, డొంకూరు నుంచి వలలు లాగేవాళ్ళు. అరిగిన వేళ్ళన్నీ అక్కడికి చేరాయి. రెండు గంటలు కూర్చున్నాక వీళ్ళ వంతు వచ్చింది. మిషను దగ్గర యామిని అనే అమ్మాయి, పాతికేళ్ళుండవు, మెత్తగా మాట్లాడుతోంది.

"పెద్దమ్మా, బొటనవేలు పెట్టండి. గట్టిగా."

ఎర్ర లైటు.

"మళ్ళీ."

ఎర్ర లైటు. యామిని అద్దం తుడిచింది. చూపుడు వేలు. మధ్యవేలు. రెండో చెయ్యి. కూర్మనాథం మెడ చాచి చూస్తున్నాడు.

"మీ మిషను పాడైపోనాదమ్మా" అన్నాడు.

"ఏదీ, మీరు పెట్టండి బాబాయ్."

పెట్టాడు. టక్కున పచ్చ లైటు. ముప్ఫై ఏళ్ళుగా బొమ్మలు ఆడించిన వేలికి గీతలన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

అతను జేబులోంచి కాగితాలు తీసి బల్లమీద పరిచాడు. "ఇదిగో సూడండి. నిన్న సాయంత్రం తీసిన ముద్ర. ఆవిడదే. తేదీ కూడా ఏసినాను."

యామిని వంగి నిజంగానే చూసింది. ఒకటో తేదీ మచ్చ నుంచి నిన్నటి సుళ్ళ దాకా వరసగా చూసింది. "ఇవన్నీ మీరే తీశారా?" అంది. తర్వాత నెమ్మదిగా, "కాగితం దీనికి తెలీదు బాబాయ్. వేలే కావాలి" అంది. కంటిపాప చూసే మిషను లేదా అని అడిగితే, ఈ క్యాంపుకి రాలేదని చెప్పింది.

అప్పుడు కూర్మనాథం అప్ప చెయ్యి పట్టుకుని లాక్కుని చూశాడు. వేళ్ళు తెల్లగా ఉన్నాయి. గోళ్ళ చుట్టూ ఒక్క నల్ల చార లేదు. కొసలు ఎర్రగా, పచ్చిగా, పుట్టిన పిల్ల అరికాలిలా నున్నగా ఉన్నాయి.

"ఏటి సేసినావప్పా?"

నూకరత్నం తలదించుకుంది. "ఏటి సేత్తాను? తోముకున్నాను. బూడిదేసి, కొబ్బరి పీసుతో. తెల్లారగట్ట లేసి గంటసేపు తోమీసినాను. సింతపండు కూడా రాసినాను."

"ఎందుకు? ఎవులు తోముకోమన్నారు నిన్ను?"

"ఆ నల్ల సేతులేసుకుని ఆఫీసుకి ఎలాగొత్తానురా? ఆయమ్మి సేతికి నా సెయ్యి తగలదేటి?"

కూర్మనాథం అరిచాడు. ఇరవై ఏడు రోజులు గీకిన రబ్బరంతా, విన్న వెటకారమంతా ఆ షామియానా కింద అప్ప నెత్తిన పోశాడు. బుర్రుందా అన్నాడు. నిన్న సాయంత్రం చూపించాను కదా అన్నాడు. కుర్చీల్లో వాళ్ళంతా తిరిగి చూశారు. ఆవిడ తెల్లటి చేతులు మళ్ళీ కొంగులో దాచుకుంది.

"అరవకండి బాబాయ్. మళ్ళీ అవకాశం వస్తే ఫోన్ చేస్తారు" అని యామిని నంబరు రాసుకుంది. ఎప్పుడు వస్తుందని అడిగితే, పైవాళ్ళు చెప్పాలంది. పైవాళ్ళు ఎవరో ఆ అమ్మాయికీ తెలిసినట్టు లేదు.

తిరుగు బస్సులో, నందిగాం దాటేదాకా, కూర్మనాథం కిటికీలోంచి చూస్తూ ఆవిడనీ, ఆఫీసునీ, నాగరాజునీ, జీడి చెట్టుని మొట్టమొదట నాటినవాణ్ణీ వరసగా తిట్టుకున్నాడు. వరస అయిపోయాక తనొక్కడే మిగిలాడు.

అతనికి తెలియనిదా? జీడి పని చేసే ఆడవాళ్ళు చేతులు తోముకోకుండా ఏ గుమ్మమూ తొక్కరు. ఎప్పుడో అతని పెళ్ళిలోనే, నూకరత్నం వడ్డనకి వంగితే ధనమ్మ వైపు చుట్టం ఒకావిడ ఆ నల్ల వేళ్ళు చూసి విస్తరి వెనక్కి లాక్కుంది. అప్ప అన్నం పళ్ళెం పక్కన పెట్టి, నూతి దగ్గరికి పోయి కూర్చుంది. ఆ రోజు నుంచి పెళ్ళైనా, బ్యాంకైనా, గుడైనా ముందు బూడిద, పీచు. కొసలు మంట పుట్టేదాకా. అది అతను వందసార్లు చూశాడు. ఈ ఇరవై ఏడు రోజులూ మాత్రం ఒట్టి వేలి కొసలే చూశాడు, అవి ఎవరివో మర్చిపోయి. "రేపు తోముకోకప్పా" అని ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెప్పి ఉంటే! రబ్బరు గీకినంత కష్టం కూడా లేదు ఆ మాటకి.

పది రోజుల తర్వాత డిపో గోడకి కార్డు నిలిచినవాళ్ళ జాబితా అంటించారు. కూర్మనాథం పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చదివాడు. పక్కన నిలబడి నూకరత్నం, "నా పేరెక్కడున్నాది?" అని అడిగింది.

"సూత్తన్నాను."

"లేదేటి?"

"లేదు."

ఆవిడ గోడనీ తమ్ముణ్ణీ చూసింది. "మరి నాను ఎవుల్నిరా?" అంది. డీలరు నవ్వబోయి, కూర్మనాథం మొహం చూసి మానేశాడు.

అయినా ఆవిడ తొడుగులు వదల్లేదు. వాటితోనే పనికి వెళ్ళింది. సాయంత్రం షాపు దగ్గర ఆగడం కూడా మానలేదు. తొమ్మిది రోజులు అతను మసి డబ్బా తీయలేదు. మొహం చాటేసి చైను బిగిస్తూ కూర్చునేవాడు. పదో రోజున ఆవిడే డబ్బా అందుకుని, మసి రాసుకుని, కాగితం మీద వేలు నొక్కి అతని ముందు పెట్టింది.

గీతలు వచ్చేశాయి. టెక్కలి వెళ్ళే ముందురోజు కంటే స్పష్టంగా వచ్చాయి. ఒక్కొక్క సుడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపించొచ్చు. ఈ కాగితం ఎవరికి చూపించాలో మాత్రం కాశీబుగ్గ నుంచి టెక్కలి దాకా ఎవర్నడిగినా చెప్పలేరు. టెక్కలి నుంచి ఫోను రాలేదు.

"బాగున్నాయా?" అంది నూకరత్నం.

"ఉన్నాయి."

ఆవిడ కాసేపు బల్ల పట్టుకుని నిలబడింది. తర్వాత, బడిలో సెలవడిగే పిల్లలా, "ఒరే కూర్మా, రేపు అప్పలనరసమ్మ కూతురి పెళ్ళి. నన్ను వడ్డన సెయ్యమన్నాది. ఒక్కసారి తోముకోనేటి?" అంది.

కూర్మనాథం చేతిలోని స్పానరు కింద పెట్టాడు. తోముకోమంటే గీతలు పోతాయి. రేపే ఫోనొస్తే? తోముకోవద్దంటే నల్ల చేతులతో పందిట్లోకి వెళ్ళాలి. ఏ వేలికైనా ఏదో ఒకటి తొడగగలనని విర్రవీగినవాడికి ఈ రెంటి మధ్యా పెట్టడానికి ఏ తొడుగూ తోచలేదు.

"నువ్వే సెప్పు" అంది ఆవిడ.

"అలాగే ఎల్లప్పా. నల్ల సేతుల్తోనే ఎల్లు. ఎవులేటంటారో సూద్దాం. నేనూ వత్తాను."

నూకరత్నం అతని వంక జాలిగా చూసింది. మసి అంటిన వేలు కొంగుకి తుడుచుకుని, తొడుగుల మూట తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు కూర్మనాథం ఉతికిన చొక్కా వేసుకుని, ధనమ్మని తీసుకుని, అప్పని పిలవడానికి వెళ్ళాడు. తలుపుకి తాళం వేసి ఉంది. నూతి గట్టు మీద పీచు ఆరిపోయి ఉంది, బూడిద డబ్బా మూత తీయలేదు. పెళ్ళి మేళం అక్కడిదాకా వినిపిస్తోంది.

పక్కింటావిడ చెప్పింది: "మీ అప్పా? పొద్దున్నే పనికెల్లిపోనాది బాబూ. పది ఏళ్ళకీ తొడుగులేసుకుని మరీ ఎల్లింది."